ఇంగ్లండు సీసా, నీలిమంట

ఖానాపురం హవేలిలో నేను వంట చేసే ఇంటి సారు ఇల్లందు బొగ్గుబావుల్లో ఇంజనీరు. ఒక ఆదివారం పొద్దున ముగ్గురు స్నేహితులు వచ్చి కూర్చున్నాక బీరువాలోంచి నల్లటి సీసా తీశాడు. ఇంగ్లండు వెళ్లొచ్చిన బావమరిది ఇస్తే మూడు ఎండాకాలాలు దాచాడట. సీసా మీద బార్లీ వైన్ అని ఉంది గాని అది బార్లీతో చేసిన బీరేనని, మామూలు బీరుకు రెండింతల ఘాటని వాళ్లకు చెప్పాడు.

గ్లాసులో పోస్తే బీరులా లేదు. చిక్కటి కషాయం రంగు. నురగ నిలవలేదు. అడుగున మడ్డి.

"పాడైందిరా ఇది. మీ బావమరిది నిన్ను చంపనీకే ఇచ్చిండు," అన్నాడు ఒకాయన.

"వాని అక్కను చేస్కున్నవ్ గద, పగ ఉంటది," అన్నాడు ఇంకొకాయన.

సారు నన్ను పిలిచాడు. "అవ్వా, నీది భద్రాచలం అడవి దిక్కు గద. ఇప్పసారా కాసినదానివి. ఇది పాడైందో లేదో నువ్వే చెప్పు."

"నేను నోట్ల పెట్టుకోను సారూ."

"తాగమంటలేనే. జర రుచి చూడు, అంతే."

ఆయనకు తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. సారా ఎవరు కాచినా, ఎక్కడి నుంచి తెచ్చినా, ముందు రుచి చూసేది ఒక ఆడమనిషి. మా అత్త పోయాక ఆ పని నాకొచ్చింది. నాలుగు చుక్కలు పెద్దల పేరు చెప్పి నేల మీద పోయాలి. కొంచెం నిప్పుల్లో చల్లాలి. మంట నీలంగా లేస్తే మంచి సారా, లేవకపోతే నీళ్లు కలిసినట్టు. ఆ తర్వాత నాలుక మీద. నేను "తాగుండ్రి" అనందే ఎవరూ ఆకుదొప్ప ఎత్తరు.

ఒక ఏడు ఇప్పపువ్వు సరిగా రాలక ఊళ్లో సారా కాయలేదు. రోడ్డు పక్కన ఎవడో సారా అమ్ముతుంటే నా మొగుడు ఒక డబ్బా కొనుక్కొచ్చాడు. నిప్పుల్లో చల్లాను. నీలంగానే లేచింది. నాలుకకు మాత్రం పువ్వు రుచి తగల్లేదు, తలుపులకు పూసే రంగు వాసన ముక్కుకు కొట్టింది. కొట్టింది కదా, ఆగాలి కదా? ఆగలేదు. నీలిమంట లేచాక ఇంకేం చూసేది అనుకున్నాను. "మంచిదే, తాగు," అన్నాను. విషం కూడా నీలంగానే మండుతుందని మాకెవరు చెప్పారు?

మర్నాడు మిట్టమధ్యాహ్నం. వాకిట్లో ఎండ మండిపోతోంది. "మబ్బు పట్టిందేందే?" అన్నాడు నా మొగుడు. కొంతసేపటికి, "దీపం పెట్టవేందే?" అన్నాడు. భద్రాచలం దవాఖానాకు చేరకముందే పోయాడు. ఆ డబ్బాలోది ఇంకెవరూ తాగలేదు. అదొక్కటే అదృష్టమన్నారు ఊరివాళ్లు.

ఇక్కడ నేను వద్దన్నా ఈ నలుగురూ తాగేలా ఉన్నారు. గ్లాసు తీసుకున్నాను. ఈసారి వాసన చాలాసేపు చూశాను. ఎండిన ఇప్పపువ్వు, కొంచెం మాడిన బెల్లం, పాత చింతపండు. రంగు వాసన లేదు. ఒక గుక్క పట్టాను. ముందు పాకంలాంటి తీపి, వెనకనే వేపపుల్ల చేదు. గొంతు దిగాక వేడి మెల్లగా చెవుల దాకా పాకింది. చివరికి నాలుక మీద ఎండుఖర్జూరం మిగిలింది.

"పాడు గాలే సారూ. మంచిగ మాగింది. తీపి జర ఎక్కువ, పొంగు చచ్చింది."

"అయితే తాగొచ్చా?"

"తాగుండ్రి" అనే మాట నా నోటికి రాలేదు. "రేపు పగటిదాంక ఆగుండ్రి. నేను తాగిన గద. నాకేం గాకుంటే అప్పుడు మీరు..."

అందరూ పగలబడి నవ్వారు. "గందాంక సీసా ముంగట భజన చేయాల్నా అవ్వా?" అన్నాడు ఒకాయన. నా ముందే తాగారు. గ్లాసులు నేనే కడిగాను.

మర్నాడు సారుకు సెలవు. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాడు.

"సారూ, నా చీరె ఏం రంగు?"

"ఏందవ్వా, నిన్నటిది ఇంకా దిగలేదా నీకు? ఎర్రది. అంచు నల్లది."

అన్నం వడ్డించబోయి ఆగాను. "ఆ ముగ్గురికి గూడ ఫోన్ చేయుండ్రి."

నవ్వుతూనే చేశాడు. ఒకరు మాట్లాడారు. రెండో ఆయనా మాట్లాడాడు. మూడో ఆయన ఫోను మోగుతూనే ఉంది. సారు కంచంలో అన్నం లేదు, నా చేతిలో గరిటె ఉంది. ఆయన రెండోసారి చేశాడు. అవతలి నుంచి "ఏందిరా?" అని వినపడేదాకా నేను కదల్లేదు.