ఓర్వలేని గొంతు

ఆ ఇంటి పెద్దకోడలు జన్మలో ఎవరినీ గట్టిగా కసిరి ఎరగదు. తెర మీద మాత్రం లెక్కలేనన్ని కాపురాలు కూల్చింది. తప్పు ఆమెది కాదు, ఆమె గొంతుది.

కుటుంబ చిత్రమన్నాక తోడికోడలి నగ చూసి, చెల్లెలి మొగుణ్ణి చూసి, ఆఖరికి పక్కింటివాళ్ళ కొత్త పరదాలు చూసి కూడా కడుపు మండించుకునే ఆడమనిషి ఒకతి ఉండి తీరాలి. ఆవిడ కడుపు మండకపోతే కథ మొదటి రీలు దాటదు. పెళ్ళి చెడదు, ఆస్తి పోదు, హీరోయిన్ వానలో రోడ్డున పడదు. అందరూ హాయిగా భోంచేసి పడుకుంటారు, టిక్కెట్టు కొన్నవాడు కుర్చీలు విరగ్గొడతాడు. అలాంటి మహాతల్లులందరికీ డబ్బింగ్ చెప్పేది పెద్దకోడలే.

ఆమె పనితనమంతా మాటలో కాదు, మాటకు ముందు ముక్కుతో పీల్చే ఊపిరిలో ఉంది. ఆ ఊపిరి వినగానే హాల్లో పసిపిల్లలు కూడా తల్లి కొంగు పట్టుకునేవారు. ఆమె ఒకసారి గట్టిగా పీలిస్తే కప్పులో కాఫీ విరిగిపోయిందని సౌండు ఇంజనీరు ఒట్టేసి చెబుతాడు. అతను కాఫీ మానేసింది అప్పటి నుంచేనట.

హీరోయిన్ గొంతు చిన్నకోడలిది. తేనె, కన్నీళ్ళు సమపాళ్ళలో కలిపిన గొంతు. దానితో ఆమె ఏళ్ళ తరబడి "అలాగేనండీ" అంటూ పుణ్యం మూటకట్టుకుంది.

ఇదంతా స్టూడియోలోనే ఉండిపోతే గొడవ లేకపోను. ఇంట్లో అత్తగారు ఉంది. చూపు మందగించినావిడ సినిమాలు చూడదు, వింటుంది. అందులోనూ వదలకుండా వింటుంది.

"నిన్న ఆ పసిదాన్ని మెట్ల మీంచి తోసేశావు కదే! చేతులెలా వచ్చాయే నీకు?"

"సినిమా అత్తయ్యా అది! నేను మాటలే చెప్పాను. తోసింది ఇంకొకావిడ."

"అంటే, చెప్పి తోయించావన్నమాట!"

అత్తగారి కళ్ళలో మందు వేసేదీ, కాళ్ళు పట్టేదీ, సాయంత్రం పాలు కాచి ఇచ్చేదీ పెద్దకోడలే. చిన్నకోడలు మేడ దిగి, "బాగున్నారా అత్తయ్యా?" అని తేనె ఒలికించి మళ్ళీ మేడెక్కేది. దాంతోనే అత్తగారికి కడుపు నిండిపోయేది.

ఒక్క సినిమాలోనైనా తనను మంచిదానిగా అత్తగారు వినాలి. పెద్దకోడలికి ఉన్న కోరికల్లా అదే. ఆ మాట దర్శకుడితో చెబుదామని వెళ్తే, గదిలో అప్పటికే చిన్నకోడలు కూర్చుని ఉంది.

"ఎన్నాళ్ళండీ ఈ ఏడుపు? నేను వెక్కి వెక్కి గొంతు పోగొట్టుకుంటుంటే చప్పట్లన్నీ అక్కకేనా? ఆ దుర్మార్గపు వేషం నాకివ్వండి."

"ఇచ్చెయ్యండి బాబూ, మీకు పుణ్యముంటుంది," అంది గుమ్మంలోంచి పెద్దకోడలు.

ఇంత తేలిగ్గా తీరే తగాదా దర్శకుడు తన సినిమాల్లో కూడా తీయలేదు. వెంటనే గొంతులు మార్చేశాడు.

మొదటి సీను. తెర మీద హీరోయిన్ జబ్బుపడ్డ తోడికోడలికి పాలగ్లాసు అందిస్తోంది. పెద్దకోడలు మైకు ముందు నిలబడి, మనసంతా వెన్న చేసుకుని, "వేడిగా తాగు అక్కా," అంది. అనడానికి ముందు, అలవాటు కొద్దీ ఊపిరి పీల్చింది.

"అమ్మా, ఊపిరి!" అని అద్దం అవతలి నుంచి ఇంజనీరు మొత్తుకున్నాడు.

మళ్ళీ చెప్పింది. మళ్ళీ అదే ఊపిరి. ముక్కుకు బట్టల క్లిప్పు పెడితే హీరోయిన్‌కి జలుబు చేసింది. ఊపిరి బిగబట్టి చెబితే మాట తెర మీది పెదాలకన్నా ముందే ఊడిపడింది. చివరికి అందరూ అలిసిపోయి, "ఎవడు వింటాడులే," అనుకుని ఉంచేశారు.

చిన్నకోడలి పని మరోరకంగా చెడింది. కడుపుమంటకు ఆమె నటించనక్కర్లేదు, సొంత సరుకే బోలెడుంది. కానీ ఇన్నేళ్ళు ఏడ్చిన గొంతు! "నీ కాపురం కూల్చకపోతే చూడు!" అని గర్జిస్తే, విన్నవాళ్ళకు పాపం సాయానికి ఓ చెయ్యి వేద్దామనిపించింది.

సినిమా విడుదలైంది. మొదటి పాలగ్లాసు దగ్గరే జనానికి అర్థమైపోయింది, హీరోయిన్ విషం పెడుతుందని. ఎప్పుడు పెడుతుందా అని గుండెలు అరచేత పట్టుకుని కూర్చున్నారు. ఆఖర్న ఆమె అందరినీ క్షమించి దణ్ణం పెట్టినా ఎవరూ లేవలేదు. ఇంకా ఏదో ఉందని, ఊడ్చేవాళ్ళు చీపుళ్ళతో వచ్చేదాకా చూశారు. సినిమా విరగబడి ఆడింది. అదంతా తాను కావాలనే చేశానని దర్శకుడు పత్రికలకు చెప్పుకున్నాడు.

అది టీవీలో వచ్చిన రోజు పెద్దకోడలు అత్తగారి మంచం పక్కనే కూర్చుంది. చిన్నకోడలు కూడా మేడ దిగి వచ్చింది. సినిమా అయ్యాక పెద్దకోడలు గుండె చిక్కబట్టుకుని అడిగింది.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"ముదిరిపోయావే! ఇదివరకు ఎదురుగా నిలబడైనా తిట్టేదానివి. ఇప్పుడు మంచిదానిలా నటించడం కూడా నేర్చావు." తర్వాత చిన్నకోడలి వైపు చెయ్యి చాపింది. "నా తల్లే! ఇది నిన్నెంత కాల్చుకు తింటే నీ నోట అలాంటి మాటలొచ్చాయే!"

"పోనీలెండి అత్తయ్యా. అక్క మంచిదే," అంది చిన్నకోడలు, పాతికమంది ఏడ్చేటంత తియ్యగా.

పెద్దకోడలు లేచి వంటింట్లోకి వెళ్ళింది. పాలు కాచి, పంచదార వేసి, గ్లాసు తెచ్చి మంచం దగ్గర నిలబడింది. ముక్కుతో గట్టిగా ఊపిరి పీల్చి, "వేడిగా తాగండి అత్తయ్యా," అంది.

అత్తగారు గ్లాసు కోసం చాపిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ముందు నువ్వు తాగు."

పెద్దకోడలు గ్లాసు వంక చూసింది. అత్తగారి వంక చూసింది. మంచం మీద తీరుబడిగా కూర్చుని, చివరి చుక్కదాకా తాగి, మూతి తుడుచుకుంది.

"చాలా బాగున్నాయి అత్తయ్యా," అంది. ఈసారి ముందు ఊపిరి పీల్చలేదు.