పర్శరాములు పాటల లేని పేరు

పర్శరాములు కన్ను ఎవరి మీద పడితె వాళ్లు పొద్దుగూకేలోపల వాని పాటల పడాల్సిందే. గదే వాని పిచ్చి. సిరిసిల్ల కార్ఖానాల నాలుగు సాంచాల మీద బట్ట నేస్తడు. గా సాంచాల టకటకకు మాటలు కట్టి, గుక్క తిప్పుకోకుంట గుమ్మరిస్తడు. టీవీ చూసిన కాలేజీ పోరగాండ్లు "గిది రాప్ అన్నా!" అన్నరు. "ఏదైతేంది, ఇంటున్నరు గద" అన్నడు వాడు.

"అంతయ్య చాయ, అల్లం ఘాటు, ఒక్క గుక్కకు నిద్రకు వేటు!"

"బాలవ్వ గాజు, బజారుల మోజు, అత్తకు డజను, కోడలికి రోజు!"

కార్ఖానా కిటికీ కాడ జాతర. గది చూసి కైలాసానికి ఒళ్లంత మంట. ఇరువై ఏండ్ల సంది పెండ్లిళ్లల్ల మైకు పట్టిన గొంతు ఆయనది. మొన్న ఎండకాలం రెండంటే రెండు పెండ్లిళ్లకు పిలిచిండ్రు.

"రాగం లేదు, పాడు లేదు, గదొక పాటనా? ఓ చంద్రవ్వా, కడుపుల మంటగున్నది, జర మజ్జిగ తే."

"కడుపులనా, కండ్లల్లనా?" అన్నది పెండ్లాం.

అసలు మంట వేరే. ఊరంత వాని పాటల ఉన్నది, కైలాసం పేరొక్కటి లేదు! తోక తెగిన కుక్కకు సుత రెండు ముక్కలు కట్టిండు. కైలాసం ఇస్త్రీ అంగీ ఏసుకొని కిటికీ ముంగట మూడుసార్లు తిరిగిండు. వాడు సాంచా ఆపి, "నమస్తే అన్నా" అన్నడు. లోకమంతటితోని పాటల మాట్లాడేటోడు, ఈయనతోని మామూలుగ మాట్లాడిండు. గా దినం రెండు చెంబుల మజ్జిగ తాగిండు కైలాసం.

గణపతి నవరాత్రులల్ల ఆఖరి దెబ్బ పడ్డది. ఇల్లు గడవక చంద్రవ్వ అరుగు మీద మక్క గారెలు చేసి అమ్ముతుండె. పొద్దుగాల్నే పోరగాండ్లు "చంద్రవ్వ గారె, కరకర గారె, కొరికినోడు మళ్ల జేరె!" అనుకుంట వచ్చి వరుస కట్టిండ్రు.

కైలాసం సక్కగ మండపం కాడికి ఉరికిండు. పర్శరాములు స్టేజి ఎక్కబోతుండు.

"ఏమ్రా! నా ఇంటి గారెకున్న ఇలువ నాకు లేదారా?"

పర్శరాములు పరేషానయిండు. "అన్నా, గిరాకి లేనోళ్ల పేర్లే కడుత నేను. అంతయ్య హోటలు మూతపడబోయె. బాలవ్వ గాజులు అమ్ముడుపోక గంప నెత్తి దిగకపోయె."

"కుక్కకు ఏం గిరాకిరా?"

"దాన్ని అందరు రాళ్లతోని కొడుతుండిరి. ఇప్పుడు బిస్కట్లు ఏస్తుండ్రు." గొంతు తగ్గించిండు. "నీ పేరు కడితే ఊరేమనుకుంటది? కైలాసమన్నకు సుత గిరాకి పడిపోయిందా అనుకోదా?"

పడిపోయిందిరా అని ఒప్పుకునేందుకు కైలాసానికి మనసు రాలే. వీనికి అన్నీ తెలుసునని అప్పుడు అర్థమయింది. సిగ్గయింది, సంబురమూ అయింది.

"అవు, నాకేం తక్కువ" అన్నడు మెల్లగ.

"గదే గదా! నాకు రాగం రాదన్నా. మధ్య మధ్యల నువ్వు ఓ పల్లవి అందుకో, ఇజ్జత్ కాపాడు. రేపు కరీంనగర్ల సుత పిలిచిండ్రు, ఇద్దరం పోదాం."

"ఆలోచన చేస్త తియ్యి" అని మొఖం ముడుచుకున్న కైలాసం, వానికంటె ముందే స్టేజి ఎక్కి మైకు కాడికి పోయిండు.

"మైకు జర దూరం పెట్టుండ్రి. నాది పెద్ద గొంతు."