రాయి దగ్గర ఆగిన మామయ్య

మా మామయ్య ఏ పనీ ఒక పట్టాన పూర్తి చేయడు. ఎవరు తొందరపెట్టినా "ఇంకాస్త తవ్వాలి" అంటాడు. అలాగని ఆయనేం బావులు తవ్వే మనిషి కాదు. టర్కీ భాషా దాని చుట్టాలూ అయిన టర్కిక్ భాషల్లోని మాటలు ఏ మూలం నుంచి పుట్టి, ఎలా మారుతూ వచ్చాయో చెప్పే నిఘంటువు రాసే పండితుడు. ఆయన ఆఫీసులోనే ప్రూఫులు దిద్దే ఉద్యోగం నాది. అందుకని ఆ తవ్వకం ఇంట్లోనూ ఆఫీసులోనూ నా నెత్తినే పడింది.

ఇంట్లో కుళాయి కారుతుంటే అత్తయ్య చెప్పీ చెప్పీ విసిగిపోయింది.

"అసలు ఎక్కడ మొదలైందో తెలియకుండా చెయ్యేస్తే ఎలాగే? ఇంకాస్త చూద్దాం," అనేవాడు మామయ్య. కింద పెట్టిన బకెట్టు ఈలోగా నిండిపోయేది.

ఆఫీసులో నిఘంటువంతా అయిపోయి, ఒక్క 'రాయి' అనే మాట దగ్గర ఆగింది. టర్కీ వాళ్లు రాయిని తాష్ అంటారు, రష్యాలో ఉండే చువాష్ వాళ్లు చుల్ అంటారు. రెండిటికీ మూలం ఒకటేనని నాక్కూడా తెలుసు. అయినా మామయ్య పొద్దున రాసింది సాయంత్రం కొట్టేసేవాడు. టైపిస్టు గారు పాపం ఆ రాయినే మళ్లీ మళ్లీ టైపు కొట్టేది.

"మాష్టారూ, రాయి కరిగిందా?" అని అందరి ముందూ వెటకారం చేసేవాడు, మామయ్య దగ్గరే పని నేర్చుకున్న శిష్యుడు.

"ఇంకాస్త తవ్వాలి."

చివరికి పైవాళ్లు విసుగెత్తి, మామయ్యకి రావాల్సిన అధిపతి కుర్చీ ఆ శిష్యుడికిచ్చారు. వాడందులో కూర్చుని టీ తాగుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మామయ్యేమో చుల్ గురించి ఆలోచిస్తున్నాడు. ఈయనకి మేనల్లుణ్ణి కావడం నా ఖర్మ అనుకున్నాను.

మొన్న టైపిస్టు గారు రిటైరైంది. మర్నాడు పొద్దున్నే మామయ్య రాయి పూర్తిచేసి అధిపతి బల్ల మీద పెట్టాడు. ఒక్క కొట్టివేత లేదు.

"మరి ఇన్నాళ్లూ ఏం చేశారండీ?" అన్నాడు అధిపతి. మామయ్య నవ్వి తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చి అత్తయ్య దగ్గర నా కడుపుమంటంతా వెళ్లగక్కాను.

"రాయి సంగతి ఆయనకి ఎప్పుడో తేలిందిరా," అంది అత్తయ్య. "నిఘంటువు అయిపోతే టైపిస్టు ఉద్యోగం అక్కడితో సరి. సర్వీసు చాలక పింఛను రాదు. అది నిండేదాకా తవ్వుతున్నట్టు నటించారు. కుర్చీ పోయిందని నేను ఏడిస్తే, 'నాకు కుర్చీ లేకపోతే నించుంటా, ఆవిడేం చేస్తుందే?' అన్నారు."

అయినా నా కోపం చల్లారలేదు. ఆ కుర్చీలో ఇప్పటికీ వాడే కూర్చున్నాడు, నిఘంటువు మీద ముందు పేరూ వాడిదే పడుతుంది.

అత్తయ్య పక్క గదిలోకి చూసి గొంతు పెంచింది. "ఏమండీ, అంతా బాగానే ఉంది. మరి మన కుళాయి ఎవరి పింఛను కోసం కారుతోంది?"

మామయ్య పానా వెతకడానికి లేచాడు.