బావ వినలేని పాట

మా బావ ఏ పాట విన్నా తల పైకెత్తి ఇంటికప్పు వంకే చూసేవాడు. గోదావరిఖనిలో అక్కావాళ్ళ క్వార్టర్లో ఉన్న రోజుల్లో, అది మైమరపు అనుకునేవాణ్ని.

ఒక ఆదివారం, బ్లూస్ రాక్ అనే రకం ఇంగ్లీషు పాటలు పాడే ఒకామె కొత్త ఆల్బమ్ స్పీకర్లో పెట్టాను. ఒక పాట భజనలా ఉంటే, ఇంకోటి పెళ్ళి బరాత్‌లా ఉంది.

"ఒకదానికొకటి పొత్తే లేదు గదరా. ఎవలకు నచ్చాలె ఇది?" అంది అక్క.

మేం కాక అని పిలిచే పక్క క్వార్టర్ పెద్దాయన పాటలు వినడానికి వచ్చాడు. ఆయన మాత్రం, "గందుకే మంచిగున్నది. అన్నీ ఒక్కతీరుగుంటే ఎంతసేపు వింటం?" అన్నాడు. బావ కప్పు వంకే చూస్తున్నాడు.

తర్వాతి పాట చెక్క మీద కొట్టే చప్పుడుతో మొదలైంది. బావ ముఖం పాలిపోయింది. "బయటికి ఉరుకుండ్రి! కప్పు కూలుతాంది!" అని అరిచి, అక్కనూ నన్నూ రెక్క పట్టి వాకిట్లోకి ఈడ్చాడు. కాక చెప్పుల్లేకుండానే మా వెనక పరుగెత్తాడు. లోపల ఆమె పాడుతూనే ఉంది.

కప్పు చెక్కుచెదరలేదు. బావ వాకిట్లోనే కూలబడ్డాడు. "మీ బావ పనిచేసే బొగ్గుబాయిల కప్పు కూలి ఇద్దరు పోయిండ్రు. ముందుగాల కప్పుకు పెట్టిన ఊతం దుంగలు గిట్లనే చప్పుడు జేసి చిట్లినయట. అప్పటిసంది ఏ చప్పుడైనా పైకే చూస్తడు," అని అక్క నా చెవిలో చెప్పింది.

"పాటను తప్పు పట్టకు," అన్నాడు బావ చివరికి. "ఆమె మంచిగనే పాడింది. నాకే భయమైతాంది."

మర్నాడు పొద్దున్నే ఆయన డ్యూటీకి బయల్దేరాడు. "ఇయ్యాల పోకు బావా," అన్నాను.

"పోకుంటె ఎట్ల?" అని టోపీ పెట్టుకున్నాడు.

ఆయన తిరిగొచ్చేదాకా అక్కా నేనూ అన్నం ముట్టలేదు.