బాపు పెట్టిన ఒట్టు

మా బాపు పెంటయ్య సాతంరాయిలో ఉన్న రెండెకరాల చేనునూ పత్తాలాటలో, అదే పేకాటలో, పోగొట్టాడు. తర్వాత ఎయిర్‌పోర్టులో ట్రాలీలు తోసే పనిలో కుదిరాడు. చేను పోయిన రోజు మా అమ్మ పోచమ్మ ఏడవలేదు, తిట్టలేదు. బాపు చెయ్యి పట్టుకొని తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఇగ పత్తాలాడినవంటే నన్ను సంపినట్టే" అంది.

పద్నాలుగేళ్లు ఆ ఒట్టు నిలబెట్టుకున్నాడు. పెళ్లిళ్లలో మగవాళ్లు పత్తాలు తీస్తే చెప్పులేసుకొని బయటికొచ్చేవాడు. "ఏంది మామా, అత్తంటే గంత బుగులా?" అని ఆటపట్టిస్తే నవ్వేవాడు. నాకు ఒళ్లు మండేది.

మొన్న వానాకాలంలో అమ్మకు కిడ్నీలు చెడిపోయాయి. దవాఖానలో బాపు ఆమె మంచం చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. చూడలేక నా పాత వీడియో గేమ్ చేతిలో పెట్టాను. అరచేతిలో పట్టే డబ్బా. అందులో కాసినో ఆట ఉంది. బొత్తాం నొక్కితే తెర మీద పత్తాలు పడతాయి, పైసలకు బదులు ఆటే ఇచ్చే బిళ్లలు పందెం పెట్టాలి.

"వద్దు బిడ్డా, ఒట్టుంది."

"ఇవి ఉత్త బొమ్మలు బాపూ. పైసలు పెడుతున్నవా ఏంది? జర మనసు మళ్లుతది, ఆడు."

నా మాట విన్నాడు. మూడో రోజు మధ్యాహ్నం వరుసగా గెలిచాడు. "ఇగో చూడు" అని వరండాలో నాకు చూపిస్తుంటే నర్సు కేకేసింది. మేం పోయేసరికి అమ్మ లేదు.

డాక్టర్ ఎంత చెప్పినా బాపు నమ్మలేదు. "నేనే సంపిన" అన్నాడు. ఆడమన్నది నేనే అని మొత్తుకున్నా వినలేదు.

దినాలైన మర్నాడు గేమ్ అడిగి తీసుకున్నాడు. గెలిచిన బిళ్లలన్నీ ఒకే పందెంలో పెట్టి కావాలని ఓడాడు. ఉన్నవన్నీ అయిపోగానే ఆట తనంతట తానే మళ్లీ వెయ్యి బిళ్లలిచ్చింది. అవీ పోగొట్టాడు. మళ్లీ ఇచ్చింది. మధ్యాహ్నం దాకా అదే పని.

"గెలిచిందంత వాపస్ ఇస్తే పాపం పోతదేమో అనుకున్న. ఇది నన్ను ఓడనిస్తలేదు బిడ్డా" అని ఏడ్చాడు.

డబ్బా పక్కన పడేసి బాపు చెయ్యి నా నెత్తి మీద పెట్టుకున్నాను.

"ఇగ నేనే సంపిన అని అననని ఒట్టెయ్యి."

నిప్పు తగిలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"నీ నెత్తి మీద వద్దు బిడ్డా" అన్నాడు. "నువ్వొక్కదానివే మిగిలినవ్."