మార్త మేడం అడగమన్న మాట

మొన్న ఒక విద్యార్థిని తన పరిశోధన గ్రంథం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. అప్పుడే బైండింగు చేయించినట్టుంది, జిగురు వాసన ఇంకా పోలేదు. ఆ వాసనకు మార్త మేడం గుర్తొచ్చారు. వరంగల్‌లో నేను ఎం.ఫిల్. చేసిన రోజుల్లో ఆమె నా గైడు. గూడూరు దగ్గర పల్లెలో చిన్న రైతు కుటుంబంలో పుట్టి, మానుకోటలో చదువుకుని, చరిత్ర శాఖలో ఉద్యోగం తెచ్చుకున్నారు. మాలో చాలామంది తరగతిలో అడుగు పెట్టగానే కోస్తా యాస తగిలించుకునేవాళ్లం. ఆమె మాత్రం ఇంట్లో మాట్లాడినట్టే పాఠమూ చెప్పేవారు.

నేను జనగామలో కిరాణా వ్యాపారుల ఇంటి పిల్లను. బట్టీ పట్టడంలో నన్ను మించినవాళ్లు లేరని కాస్త పొగరు కూడా ఉండేది. మొదటి వ్యాసానికి పుస్తకాల్లోంచి మంచి మంచి వాక్యాలు ఏరి, ముత్యాల్లాంటి అక్షరాలతో దించి ఇచ్చాను. మేడం చదివి కళ్లద్దాలు తీశారు.

“గిది నువ్వు రాసినవా, పుస్తకాలే నీతోని రాపిచ్చినయా?”

నాకు ఏడుపొచ్చింది. ఆమె నవ్వి, ఒక పుస్తకాన్ని వెనక నుంచి తెరిచి, ఆధారాల జాబితా చూపించారు. రాసినవాడు ఏమేం చదివాడో, ఎవరెవరిని అడిగాడో ముందు చూడాలట. అతను చెప్పింది నమ్మాలా వద్దా అన్నది ఆ తర్వాతి సంగతి. అప్పటి నుంచి నా ప్రతి పేజీ అంచునా పెన్సిలుతో ‘ఎవరన్నరు?’ అని రాసి పంపేవారు. ఆ పెన్సిలును చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

అరవైతొమ్మిది తెలంగాణ ఉద్యమంలో కాలేజీలు మూతపడ్డాక జనగామ విద్యార్థుల చదువులు ఏమయ్యాయన్నది నా అంశం. చదువు మధ్యలో ఆపిన కొడుకు ఏ ఇంట్లో ఉన్నా, ఆ ఇంటివాళ్లు ఉద్యమం పేరే చెప్పేవారు. మా ఇంట్లోనూ అంతే. మా అన్న అప్పుడు డిగ్రీలో ఉన్నాడు, ఊరేగింపుల్లో తిరిగాడు, తర్వాత దుకాణంలో కూర్చున్నాడు. వేరే వెతుక్కోవడమెందుకని అన్న సంగతితోనే అధ్యాయం మొదలుపెట్టాను.

“మీ అన్నను అడిగినవా?” అన్నారు మేడం.

“మా ఇంటి సంగతే కద మేడం. అందరికి తెలుసు.”

“అందరికి తెలుసంటే ఎవ్వలు అడగలేదన్నట్టే. జర పోయి అడుగు. రాసినంక ఆయనకే చదివి ఇనిపియ్యి. కాదంటే కొట్టెయ్యి.”

ఎవరి మాట రాస్తే వాళ్లకు చదివి వినిపించాలన్నది ఆమె దగ్గర నియమం. నాకేమో సమయం లేదు. ఆ ఎండాకాలంలోగా పరిశోధన అయిపోకపోతే చదువు మాన్పిస్తానని మా బాపు తేల్చి చెప్పాడు. మేడంను తిట్టుకుంటూనే జనగామ బస్సెక్కాను.

మధ్యాహ్నం బాపు భోజనం చేసి పడుకున్నాడు. దుకాణంలో అన్న ఒక్కడే ఉన్నాడు. అడిగితే మొదట నవ్వాడు.

“కాలేజి మల్ల తెరిచిండ్రు. నేను పోయి చేరిన గూడ. కొన్ని దినాలకే బాపు పిలిపిచ్చిండు. ఒక్కనితోని అయితలేదు, దుకాణంల కూసోమన్నడు. కూసున్న.”

“మరి అందరికి ఉద్యమమని ఎందుకు చెప్పిండ్రు?”

“గట్ల చెప్తే బాపుకు మర్యాద, నాకు మర్యాద.” గల్లాపెట్టె మూస్తూ, “ఇన్నేండ్లల్ల నన్ను అడిగింది నువ్వొక్కదానివే” అన్నాడు.

నాకు వెంటనే భయం పట్టుకుంది. ఈ మాట రాస్తే బాపును వేలెత్తి చూపినట్టే, నా చదువేమో ఆయన చేతిలో ఉంది. వరంగల్ వచ్చి, అన్న సంగతి తీసేస్తానని మేడంతో అన్నాను.

“తీసేస్తే తీసెయ్యి. కని ఉద్యమంతోని ఆగిందని మాత్రం రాయకు” అన్నారామె.

అంతకుముందు కలిసినవాళ్లందరినీ మళ్లీ అడిగాను. కొందరి చదువు నిజంగానే జైలుతోనో లాఠీ దెబ్బతోనో ఆగింది. కొందరిది సేద్యంతో, ఇంట్లో జబ్బులతో ఆగింది. వాళ్లంతా మనసు విప్పి చెప్పాక మా ఇంటి సంగతి ఒక్కటే దాచడం సిగ్గనిపించింది. రాశాను.

చదివి వినిపించడానికి వెళ్లిన రోజు అన్న పక్కన బాపు కూడా కూర్చున్నాడు. లేచి వెళ్తాడేమోనని చూశాను, లేవలేదు. చదివాను. “నేనన్నదే” అన్నాడు అన్న. బాపు తూకం రాళ్లు ఒక్కొక్కటిగా సర్దాడు.

“నేను పిలిపిచ్చిన నాడు వాడు ఏడ్చిండు. గది రాయలేదేంది?” అన్నాడు చివరికి.

“అన్న చెప్పలే బాపు.”

“నేను చెప్తున్న. రాయి.”

రాశాను. ఎండాకాలం గడువు మాట ఆయన మళ్లీ ఎత్తలేదు.

మార్త మేడం పోయి చాలా ఏళ్లయింది. గ్రంథాలయంలో వెతకడం, చదివినదాన్ని కుదించి రాయడం ఆమె కాకపోయినా ఎవరో ఒకరు నేర్పేవారు. ఆమె వల్ల అబ్బింది ఒక జంకు. బాగా తెలుసుననుకున్న మనిషి గురించి ఒక్క వాక్యం రాయబోయినా చెయ్యి ఆగుతుంది. ఇది రాస్తుంటే మరీ ఆగింది. పల్లె నుంచి ఆ ఉద్యోగం దాకా ఆమె ఎట్లా వచ్చారో, ఎవరు వద్దన్నారో, ఎన్నిసార్లు ఏడ్చారో నాకు తెలియదు. ఆమెను నేను ఎన్నడూ అడగలేదు.