వరస తప్పిన నెమళ్ళు

ఇంట్లో ఒకడు ఇంజనీరింగ్ చదువుతున్నాడంటే ఆ రోజుల్లో ఇల్లంతా ఇంజనీరింగ్ చదివినట్టే. పైకి గట్టిగా చదవకపోతే అసలు చదివినట్టే కాదని అందరికీ నమ్మకం. పొద్దున్నే మా తమ్ముడు వసారాలో ఈ మూల నుంచి ఆ మూలకు తిరుగుతూ పుస్తకంలో మాటలు అప్పజెప్పుకుంటుంటే, పక్కనే కూర్చుని నేను జాకార్డు అట్టలకు చిల్లులు కొట్టేదాన్ని. (తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ధర్మవరంలో పట్టుచీర నేసే మగ్గం నెత్తిన ఒక పెట్టె ఉంటుంది. చిల్లులు పడిన అట్టలను దండలా కుట్టి దానికి వేలాడదీస్తారు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట పడుకుంటుంది. చీర మీద పువ్వు పూసినా నెమలి ఆడినా ఆ చిల్లుల చలవే.) నా చదువు ఐదో తరగతితో ఆగింది కానీ జ్ఞాపకం మాత్రం ఆగలేదు. చెవిన పడింది పడినట్టే ఉండిపోయేది. నాలుగేళ్ళు వాడు అప్పజెప్పుకున్నదంతా నాకూ వచ్చేసింది, ఒక్క అర్థం తప్ప.

“ఒరే, ‘ఎగ్జిక్యూటెడ్’ మింగేసినావు” అనేదాన్ని అట్ట మీద నుంచి కళ్ళెత్తకుండా.

“నీకేం తెలుసక్కా?”

“నాకేం తెల్దు. నిన్న ఉండింది, ఈ పొద్దు లేదు. అంతే.”

కాళ్ళు దించుకుని నేసే మగ్గం గుంతలోంచి నాయన అందుకునేవాడు. “రేయ్, పరీచ్చకు దాన్ని పంపిచ్చి నువ్వొచ్చి అట్టలు కొట్టు. రెండు పనులూ బాగుపడతాయి.”

నాయన మాట ఎకసెక్కమే కానీ, ఆయన ఆశంతా వాడి మీదే. అప్పటికే ఆయనకు చూపు తగ్గింది. తెగిన పోగును కళ్ళతో కాదు, వేళ్ళతో వెతుక్కునేవాడు. “వాడు ఒక దోవన పడినాడంటే నేను గుంతలోంచి లేస్తా” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. వాడు దోవన పడాలంటే ఆఖరి ఏడాది గట్టెక్కాలి. అక్కడే వచ్చింది చిక్కు.

వాడి కాలేజీ పెనుకొండ దాటినాక రాళ్ళ మధ్య కొత్తగా లేచింది. రోజూ ప్యాసింజర్ బండిలో పోయి వచ్చేవాడు. వాడికి ఒక జతగాడు, హిందూపురం పిల్లోడు. “బెంగళూరులో అయితేనా” అనకుండా ఏ మాటా మొదలుపెట్టడు కాబట్టి మా ఇంట్లో వాడి పేరు బెంగళూరోడు. ఆఖరి ఏడాది ప్రతి పిల్లోడూ తన చేత్తో ఏదో ఒకటి తయారు చేసి చూపించాలి. దాన్ని ప్రాజెక్టంటారు. అప్పట్లో చాలామంది తయారుగా ఉన్నదాన్ని కొనుక్కొచ్చేవాళ్ళు. వీళ్ళిద్దరూ బెంగళూరు నుంచి ఒక నల్లపెట్టె తెచ్చారు. దానికి ఎర్రలైటు ఒకటి.

ఆ కాలేజీలో ఒక సారు ఉండేవాడు. హిందూపురం మనిషే. పిల్లలు ఏం చెప్పినా “ఎందుకు?” అంటాడు కాబట్టి అందరూ ఆయన్ను ‘ఎందుకు సారు’ అనేవాళ్ళు. ఆయన పెట్టె వైపు చూసి, “ఏమప్పా, ఈ లైటు ఎందుకు వెలుగుతాంది?” అని అడిగాడట.

“స్విచ్చి వేసినాం కదా సార్” అన్నాడట బెంగళూరోడు.

“వేస్తే ఎందుకు వెలుగుతాంది?”

“కరెంటు ఉండాది కదా సార్.”

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. లైటు ఆరింది. “చూసినారా సార్, నేను చెప్పలే?” అన్నాడట వాడు, గెలిచినవాడిలాగా.

ఎందుకు సారు పెట్టె మూసి వాళ్ళ చేతికిచ్చి, “నెల రోజులు టైము. మీ ఇంట్లోనో మీ వీధిలోనో ఒకరి పని తేలికయ్యేది ఏమన్నా చేసుకోని రాండి. ఆ మనిషిని కూడా పిలుచుకోని రావాల. తేలికయ్యిందో లేదో నేను వాళ్ళనే అడుగుతా. లేదంటే ఈ ఏడు మీకు లేనట్టే” అన్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడు వసారాలో కూలబడి, “పని తేలిక చేసేది మాకు నేర్పిందెవరక్కా, అప్పజెప్పేదే కదా నేర్పింది” అన్నాడు. నాకు జాలేసింది. జాలి పడినా చేతిలో పని ఆపే అలవాటు లేదు కాబట్టి చిల్లులు కొడుతూనే, “నాకొకటి తేలిక చేయి చూద్దాం” అన్నాను. నెమలి బొమ్మను గళ్ళకాగితం మీద గడి గడికీ రంగు నింపి గ్రాఫు గీయాలి. దాన్ని చూసి అట్టలు కొట్టాలి. గ్రాఫు గీసే పెద్దాయన ఒక బొమ్మకు రెండు నెలలు చేసేవాడు, అందాకా నేను కాచుకోవాల్సిందే. “గళ్ళు నింపేది మీ కంప్యూటరుకు రాదా?” అన్నాను.

వాడు లేచి నిలబడ్డాడు. పుట్టినప్పటి నుంచీ మగ్గం చప్పుడు వింటున్నవాడు ఆ పొద్దు మొదటిసారి నా పక్కన కూర్చుని అట్టను చేతిలోకి తీసుకుని చూశాడు.

వాడూ బెంగళూరోడూ హిందూపురంలో ఒక కంప్యూటర్ సెంటర్లో వారం రోజులు కూర్చున్నారు. ఎనిమిదో రోజు చాపచుట్టంత కాగితం మోసుకొచ్చారు. గళ్ళు, గళ్ళల్లో నల్లచుక్కలు, ప్రతి వరసకూ పక్కన నంబరు. ఎంత ముచ్చటగా ఉందో. ఒకటి, రెండు, మూడు అని నంబరు ప్రకారం కొట్టుకుంటూ పోయాను. నాయన ఇంట్లోకని ఒక చీరకు సరిపడా పట్టు దాచిపెట్టుకున్నాడు, మామిడిపండు రంగు. కొంగుతో మొదలుపెట్టి నేశాడు. మధ్యలో నేనూ పోయి చూశాను. మగ్గం మీద గుడ్డ నేసింది నేసినట్టు చుట్టుకుపోతుంది, ఎప్పుడు చూసినా జానెడే కనబడుతుంది. నేను చూసిన పూట ఈకలు కనిపించాయి. ఈకలు బాగున్నాయి. నాయన ఏదో అనబోయి ఊరుకున్నాడు.

గడువు రోజున, నాయన మగ్గం మీంచి కోసి మడతపెట్టి ఇచ్చిన చీర, కాగితం చుట్ట, అట్టల దండ సంచిలో పెట్టుకుని తమ్ముడితో ప్యాసింజర్ ఎక్కాను. కాలేజీ అనే చోటికి పోవడం అదే మొదలు. దోవ పొడుగునా వాడు పెదాలు కదుపుతూనే ఉన్నాడు. (నేనూ కదుపుతున్నాను. భయమేస్తే నాకు వాడి పాఠాలే గుర్తొచ్చేవి.) బెంగళూరోడు పెనుకొండలో స్టేషను బయట ఎదురుచూస్తున్నాడు.

గది నిండా పిల్లలు. ఎందుకు సారు నాకు కుర్చీ వేయించి, ముందు తమ్ముణ్ణి అడిగాడు. “ప్రోగ్రామంటే ఏమప్పా?”

“ఎ ప్రోగ్రామ్ ఈజ్ ఎ సీక్వెన్స్ ఆఫ్...” అని వాడు ఆగిపోయాడు. ఇంట్లో అలవాటు కదా, నా నోరు ఊరుకోలేదు. “ఇన్‌స్ట్రక్షన్స్ టు బి ఎగ్జిక్యూటెడ్ ఇన్ ఆర్డర్” అని పూర్తి చేశాను.

సారు నా వైపు తిరిగాడు. “ఏం చదువుకున్నావమ్మా?”

“ఐదు సార్.”

“ఇప్పుడు చెప్పిందానికి అర్థమేమి?”

“తెల్దు సార్. వీడు చదివేటప్పుడు విన్నదే.”

“మరి వీనికి తెలుసా?”

తోడబుట్టినవాణ్ణి అందరి ముందర పట్టివ్వలేక, “నాకైతే చెప్పలేదు సార్” అన్నాను. పిల్లలు నవ్వారు. సారు కూడా మీసం కింద నవ్వి, “సరే, చీర చూపించు. మడత కాదు, కొంగు భుజాన వేసుకోని తిరుగు” అన్నాడు.

వేసుకుని తిరిగాను. వెనక నుంచి నవ్వు వరదలా వచ్చింది. మెడ తిప్పి చూసుకున్నాను. నా వీపు మీద నాలుగు నెమళ్ళు తల నేలకు పెట్టి, కాళ్ళు ఆకాశానికి ఎత్తి, పిల్లిమొగ్గ వేసిన పిల్లల్లా ఉన్నాయి. తమ్ముడి ఏడాది, నాయన కళ్ళు, అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందు తిరిగాయి. ఏదో ఒకటి అనాలి కదా. “నీళ్ళు తాగతాండాయి సార్” అన్నాను.

“కాళ్ళు పైన పెట్టుకోని ఎందుకు తాగుతాండాయమ్మా?”

ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. “నువ్వు చెప్పప్పా. ఎందుకు?”

తమ్ముడు సంచిలోంచి కాగితం చుట్ట తీసి నేల మీద పరిచాడు. అట్టల దండ పక్కన పెట్టుకున్నాడు. “అక్కా, ఒకటో అట్టలో ఏముండాది?”

“నెమలి నెత్తిమీది కుచ్చు.”

“ఆ పెద్దాయన గీసే గ్రాఫులో ఒకటో అట్టలో ఏముంటాది?”

“కాళ్ళు” అన్నాను. అని నాలుక కరుచుకున్నాను. ఎన్నేళ్ళుగానో కాళ్ళ నుంచే మొదలుపెడుతున్నదాన్ని, కంప్యూటర్ కాగితం కదా అని నంబరు చూశానే కానీ నెమలిని చూడలేదు. వాడు మాటలు బట్టీపడితే, నేను చిల్లులు బట్టీపట్టాను.

తమ్ముడు మోకాళ్ళ మీదే కూర్చుని తల ఎత్తాడు. “సార్, కంప్యూటరు పైనుంచి కిందికి లెక్క పెట్టింది. మగ్గం కిందినుంచి పైకి నేస్తాది. ఇద్దరికీ వరస వేరే. మేము కంప్యూటరునే అడిగినాం, మగ్గాన్ని అడగలేదు.”

“ఇన్ ఆర్డర్ అంటే?”

“వరస ప్రకారం సార్.”

“అయితే ప్రోగ్రామంటే?”

వాడు అట్టల దండను చేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. “ఇదే సార్. ఒకదాని వెనక ఒకటి ఏం చేయాల్నో చెప్పే దండ. వరస మారిందంటే పని తలకిందులైతాది.” ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఉంటే నాకు వచ్చి ఉండేది.

సారు ఆ దండను చేతిలోకి తీసుకుని, నన్ను అడిగాడు. “ఏమమ్మా, నీ పని తేలికయ్యిందా?”

“అయింది సార్. రెండు నెలల పని వారంలో అయింది. తలకిందులుగా అయింది, అది వేరే మాట.”

“తలకిందులైంది కాబట్టే వీళ్ళకు వచ్చింది” అని ఆయన కాగితం మీద ఏదో రాశాడు. బెంగళూరోడు తొంగి చూసి నా చెవిలో “గట్టెక్కినాం అక్కా. బెంగళూరులో అయితేనా...” అని, అంతకు మించి ఏమీ తోచక ఆగిపోయాడు.

ఇంటికొచ్చి నాయనకు చెబితే ఆయన తొణకలేదు. “నాకు మొదటి దినమే తెల్సు. తలకాయ ముందొచ్చింది, కాళ్ళు తర్వాతొచ్చినాయి. కంప్యూటరు ఫ్యాషనేమో అనుకుంటి.”

“చెప్పకూడదా నాయనా?”

“ఇంట్లో ఇద్దరు సదువుకున్నోళ్ళు కూడి చేసినారు, మధ్యలో నేనేం చెప్పేది?” అన్నాడు. ఆ ఇద్దరిలో రెండోది నేనని తెలియడానికి నాకు కొంచెంసేపు పట్టింది. “పోనీలే. వరస తప్పితే మనుసులకే కాదు, నెమళ్ళకూ మర్యాద ఉండదని తెల్సింది” అని మళ్ళీ గుంతలోకి దిగాడు.

తమ్ముడు ఆ వరసను ఒక్క పూటలో సరిచేశాడు. మరుసటి ఏడు ఎందుకు సారు పిల్లలందరినీ బండెక్కించి మా వీధికే పిలుచుకొచ్చాడు. మగ్గం గుంతలో దిగి కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాళ్ళు పడిన అవస్థ చూసి నాయన కళ్ళనీళ్ళు వచ్చేటట్టు నవ్వాడు. అట్టల గురించి చెప్పే పని నాది. “ముందు కాళ్ళు యాడుండాయో చూసుకోండి” అని మొదలుపెట్టేదాన్ని. ఆ తర్వాత ఏటా వచ్చారు. ఒక ఏడు లేపాక్షి పక్కనుంచి వచ్చే పిల్ల ఒకతె, వాళ్ళ చేలో మోటారు ఎందుకు కాలిపోతోందో కనుక్కోవడమే తన ప్రాజెక్టని చెప్పింది. కొనుక్కొచ్చిన ప్రాజెక్టా అని అడిగితే రోషపడింది. ఆ రోషం నాకు భలే నచ్చింది. తమ్ముడు ఈ డిజైన్ల పనిలోనే స్థిరపడ్డాడు. నాయన అన్న మాట ప్రకారం గుంతలోంచి లేచి, వసారాలో కూర్చుని అందరినీ “ఎందుకు?” అని అడగడం మొదలుపెట్టాడు.

ఆ మామిడిపండు చీర నాకే వచ్చింది. ఇంకెవరు కడతారు? ఇప్పటికీ పెళ్ళిళ్ళకు అదే కట్టుకుంటాను. భోజనాల వరసలో వెనకనుంచి ఎవరో ఒకరు భుజం తట్టి, పాపం రహస్యంగా, “అక్కా, నీ కొంగులో నెమళ్ళు తలకిందులుగా ఉండాయి” అంటారు. ఉలిక్కిపడినట్టు మెడ తిప్పి చూసుకుంటాను. ఇన్నేళ్ళయినా అవి కాళ్ళు పైకెత్తుకుని అట్లానే ఉంటాయి. వాటి పక్కనే కాగితం వైపు తప్ప ఇంకెటూ చూడకుండా టకటకా చిల్లులు కొట్టుకుపోతున్న ఒక పిల్ల కూడా కనబడుతుంది. తలెత్తి చూడవే అని దాన్ని పిలవబుద్ధవుతుంది కానీ పిలవను. అప్పుడే చూసి ఉంటే నెమళ్ళు తిన్నగా నిలబడేవి, మేము మాత్రం తలకిందులుగానే ఉండిపోయేవాళ్ళం.